గ్రూపుల ఫోటో పెట్టకముందు ఒకసారి ఇంటికి పోవాల్సింది

అందరికి వందనాలు. ఇక్కడ రాసి చాలా రోజులైంది. మూడు నాలుగు సార్లు రాద్దామని కూసున్న గానీ మా చర్చి సంఘంల నడుస్తున్న లొల్లి పక్కకు పెట్టి వేరే ముచ్చట రాస్తే అబద్ధం రాసినట్టే అనిపించి ఫోన్ మూసేసిన. ఇప్పుడు కొంచెం చల్లబడ్డది, నా మనసు కూడ, అందుకే రాస్తున్న. సంఘం పేరు రాయను, మనుషుల పేర్లు రాయను. హన్మకొండ దిక్కు ఒక చిన్న సంఘం అనుకోండి, 60, 70 కుటుంబాలు ఉంటయి, సగం మంది కూలి పనికి పోయేటోళ్లు, కొందరు రైల్వేల చేసి రిటైరైనోళ్లు, నా అసొంటి టీచర్లు ఒక అయిదారుగురు. నేను బళ్లె తెలుగు చెప్త, సంఘ కమిటీల స్త్రీల సమాజం తరఫున ఉన్న, తీర్మానాల పుస్తకం రాసేది కూడ నేనే.

సంగతేందంటే, మందిరం పక్కకు సండే స్కూల్ పిల్లల కోసం ఒక గది కడుతున్నం. స్లాబ్ కోసం రెండేండ్ల సంది చందాలు పోగు చేస్తున్నం. జనవరిల సర్వసభ్య సమావేశంల లెక్కలు చదివినప్పుడు వచ్చిన చందా, అయిన ఖర్చు, బ్యాంకుల మిగిలింది కలిపి చూస్తే 45,000 రూపాయలు తక్కువ వస్తున్నయి. ట్రెజరర్ మా కాక. సొంత కాక కాదు, మా బాపుతోటి రైల్వేల చేసిండు, నేను చిన్నప్పటి సంది కాకా అనే పిలుస్త, ఆయన నన్ను బిడ్డా అంటడు. అడిగితే "ఉన్నయి బిడ్డా, యాడికి పోలే, జర టైం ఇయ్యిరి" అన్నడు. ఎవరి దగ్గర ఉన్నయి అంటే చెప్పలే. ఆ పైసలు తీసుడుకు తీర్మానం ఏమన్న ఉన్నదా అని నా పుస్తకం రెండు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పిన, లేదు.

రెండు వారాలు చూసిన. మూడో వారం శనివారం రాత్రి బ్యాంక్ పాస్‌బుక్ పేజీ ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపుల పెట్టిన. కింద లూకా సువార్తల వాక్యం, మరుగైనది ఏదీ బయటపడకుండ ఉండదు అనేది, రిఫరెన్స్ తోటి సహా పెట్టిన. పెట్టినప్పుడు నాకు ఎంత ధైర్యంగ అనిపించిందో ఇప్పటికి యాదికి ఉన్నది, నేను సత్యం పక్కన నిలబడ్డ అనుకున్న. ఫోటోల ఉన్న అంకెలు నిజమే, ఒక్క అంకె కూడ తప్పు కాదు. ఆ వాక్యం కూడ నిజమే.

తెల్లారి ఆదివారం. కాక వచ్చిండు. ఎప్పుడూ ముందు వరుసల గోడ పక్కకు కూసునే మనిషి ఆ రోజు చెప్పులు విడిచే దగ్గర, గుమ్మం పక్కకు కూసున్నడు. ఆ రోజు సంస్కారం, అంటే ప్రభువు బల్ల, ఉండె. బల్ల దగ్గరికి రాలే. నేను వచ్చి రొట్టె తీసుకున్న, ద్రాక్షరసం తీసుకున్న, వెనక్కి మళ్లి వస్తుంటే ఆయన నేల చూసుకుంట కూసున్నడు. ఆ గుటక గొంతు దిగిన తీరు నేను మర్చిపోలేను.

తర్వాత ఒక నెల ఏమైందో సంఘాలల్ల తిరిగినోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. రెండు పార్టీలైనయి. ఒక దిక్కు "పైసలు తిన్నోడు" అని మొదలుపెట్టిన్రు, ఇంకో దిక్కు "ఆడిపిల్ల పెద్దమనిషి ఇజ్జత్ తీసింది" అని మొదలుపెట్టిన్రు. గ్రూపుల వాక్యాలు ఒకరి మీదికి ఒకరు ఇసిరేసుకునుడు. అన్నింటికన్న నాకు బాధ అనిపించేది ప్రార్థనలు. ఉపవాస కూడికల కండ్లు మూసుకొని "ప్రభువా, మా మధ్యల ఉన్న గర్విష్టుల మనసు మార్చు తండ్రీ" అని ఒకరు అంటే, తర్వాత ప్రార్థన ఎత్తుకున్నోళ్లు "దొంగతనం దాచిపెట్టేటోళ్లను బయటికి తియ్యి ప్రభువా" అంటరు. దేవునితోటి మాట్లాడుతున్నట్టు పక్కోనితోటి మాట్లాడుడు. ఆమెన్ కూడ పార్టీని బట్టే వస్తుండె. ప్రసంగాలు కూడ కొన్ని వారాలు అట్లనే అయినయి, పేరు తియ్యకుండ సూటిపోటిగ, అందరికి తెలుసు ఎవరిని అంటున్నరో. మా పాస్టర్ అయ్యగారి మీద నాకు గౌరవం ఉన్నది, ఆయన తోటి ఈ మాట ముఖం మీదనే అన్న కాబట్టి ఇక్కడ రాస్తున్న.

ఇంకొందరు ఉండె, మంచోళ్లు, ఎవరినీ నొప్పించనోళ్లు. వాళ్లు ఏమంటరంటే "వదిలెయ్యమ్మా, దేవుడే చూసుకుంటడు, మనది కృప గల దేవుడు, లెక్కలు అడిగితే సంఘం చీలిపోతది". ఒక అన్న అయితే కీర్తన 105 తీసి "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని చదివి వినిపించిండు. ఆ వాక్యం మన దగ్గర ఎంత వాడుకల ఉన్నదో మీకు తెలుసు, పెద్దోళ్లను ఏం అడిగినా ఇదే మూతికి తాళం. కానీ ఆ కీర్తన చదవండి, అండ్ల అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు ఊరు కాని ఊర్లల్ల పరదేశులుగ తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చెయ్యకుండ దేవుడు ఆపిన ముచ్చట ఉన్నది. లెక్క అడిగితే ముట్టినట్టు అని యాడ ఉన్నది?

అభిషిక్తుని ముట్టను అని నిజంగ పట్టు పట్టినోడు దావీదు. 1 సమూయేలు 24 నేను ఆ నెలల ఎన్ని సార్లు చదివిన్నో. సౌలు రాజు గుహల చేతికి దొరికిండు, పక్కనోళ్లు చంపుమన్నరు, దావీదు చంపలే, బట్ట చెంగు మాత్రం కోసిండు, అది కోసినందుకే మనసు నొచ్చుకున్నడు. అంతవరకు అందరం చెప్తం. ఆ తర్వాత ఏం చేసిండు? నోరు మూసుకొని పోలే. గుహల నుంచి బయటికి వచ్చి సౌలును పిలిచి, సాష్టాంగపడి, నువ్వు నన్ను ఎందుకు తరుముతున్నవ్, నేను నీకు ఏం అన్యాయం చేసిన అని మొత్తం కడుపుల ఉన్నది ముఖం ముందట చెప్పిండు. ఎట్ల పిలిచిండు? "నా తండ్రీ చూడుము" అన్నడు. తనను చంపుదామని 3,000 మందిని వెంటేసుకొని వచ్చినోడిని నా తండ్రీ అన్నడు. ఆ పిలుపు కాడ నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే నేను ఆ ఫోటో కింద "ట్రెజరర్ గారు సమాధానం చెప్పాలి" అని రాసిన. ముప్పై ఏండ్ల సంది కాకా అని పిలిచిన నోటితోటి ట్రెజరర్ గారు అన్న.

నేను తెలుగు టీచర్ని కాబట్టి ఒక మాట. యోహాను సువార్త మొదటి అధ్యాయం 14వ వచనంల "కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను" అని ఉంటది. చిన్నప్పటి సంది క్రిస్మస్‌కు చదువుతనే ఉన్నం. పోయిన నెల ఎనిమిదో తరగతికి సమాసాలు చెప్తుంటే బోర్డు మీద తల్లిదండ్రులు, రామలక్ష్మణులు అని రాసి, ద్వంద్వ సమాసంల రెండు పదాలకూ ప్రాధాన్యం ఉంటది పిల్లలూ, ఒకటి పెద్దది ఒకటి చిన్నది కాదు అని చెప్తున్న, చెప్తుంటే చాక్‌పీసు చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డ. కృపాసత్యములు కూడ ద్వంద్వమే కదా. కృపయు సత్యమును. మన తెలుగు బైబిల్ అనువాదం చేసినోళ్లు రెంటినీ కలిపి ఒకటే పదం చేసిన్రు. తల్లిదండ్రులు అన్నప్పుడు సగం తల్లి సగం తండ్రి అని ఎవరన్న అంటరా? సంపూర్ణుడు అన్నడు. మనమేమో ఎప్పుడూ బ్యాలెన్స్ అంటం, కొంచెం కృప చూపెట్టాలె కొంచెం సత్యం చెప్పాలె, ఎక్కువైతే తగ్గించాలె అని కూరల ఉప్పు కారం లెక్క. మా సంఘంల అయితే ఒక పార్టీ కృపను పంచుకున్నది, ఒక పార్టీ సత్యాన్ని పంచుకున్నది, సమాసాన్ని విడగొట్టి చెరొక ముక్క తీస్కపోయినం.

ఆ సాయంత్రమే బడి నుంచి సీదా కాక ఇంటికి పోయిన. మా ఆయన నేను కూడ వస్త అన్నడు, వద్దన్న. మత్తయి 18ల ప్రభువు చెప్పింది నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు అని. ఆ వాక్యంల "గద్దించుము" అని ఉంటది, మన చెవికి గద్దించు అంటే గొంతు పెంచి మందలించుడు అనిపిస్తది, నాకు తెలిసి మూల భాషల ఆ మాటకు తప్పును చూపించుడు, తెలియజేసుడు అనే అర్థం ఉన్నది. దానికన్న ముందు ఇంకో మాట ఉన్నది, ఎవ్వరం దాని మీద ప్రసంగం వినలే. "నీవు పోయి". అన్యాయం జరిగినోడే లేచి పోవాలె అట. వాడు వచ్చేదాక కూసునుడు కాదు, ఫోన్‌ల పెట్టుడు అంతకన్న కాదు.

పోయేసరికి చిన్నమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నది. ముందట చాట, చాటల పండు, పక్కన చిన్న రోకలి బండ. నన్ను చూసి లేవలే, రా అనలే, కొట్టుడు ఆపలే. నేను చెప్పులు విడిచి పక్కకు కూసొని నాలుగు కాయలు తీసుకొని పెంకు ఒలుసుడు మొదలుపెట్టిన. ఒక పావుగంట ఇద్దరం ఏం మాట్లాడలే. వేళ్లకు పుల్లటి జిగురు అంటుకుంటుంటే నేను ఒలిచినయి ఆమె తన చాటలకు జరుపుకున్నది, అప్పుడు నాకు కొంచెం ఊపిరి ఆడింది. తర్వాత లోపటికి పోయి చాయ పెట్టుకొచ్చింది. కాక పక్క గదిల నుంచి వచ్చి కుర్చీల కూసున్నడు. మనిషి చిక్కిపోయిండు.

నేను ముందుగాల క్షమాపణ అడిగిన. అడిగేటప్పుడు "కానీ" అనే మాట రావొద్దని తొవ్వంత అనుకుంట పోయిన, ఎందుకంటే నా గురించి నాకు తెలుసు. "కాకా, నీ ఇంటికి రాకుండ గ్రూపుల పెట్టిన, అది నా తప్పు, నన్ను క్షమించు". అంతే అన్న. ఆయన చాలా సేపు చాయ గ్లాసు తిప్పుకుంట కూసొని అన్నడు, "ఫోటో పెట్టకముందు ఒకసారి ఇంటికి రాకపోతివి బిడ్డా. పది నిమిషాల తొవ్వ".

పది నిమిషాల తొవ్వ. నిజమే, నేను ఎన్నో సార్లు నడిచిన తొవ్వ.

అప్పుడు లోపటి నుంచి ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చిండు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నది, పేజీల మధ్యల సిమెంట్ బిల్లులు, ఇసుక ట్రాక్టర్ చిట్టీలు. చివర పేజీల ఒక తేదీ, ఒక పేరు, 45,000. మా సంఘంలనే ఒక విధవరాలు, ఆమె కొడుకు ఆసుపత్రిల పడ్డడు, రాత్రికి రాత్రి పైసలు కట్టాల్సి వచ్చి ఈయన కాళ్ల మీద పడ్డది, ఎవ్వరికీ చెప్పొద్దు కాకా అని ఒట్టు పెట్టించుకున్నది. ఈయన తన దగ్గర లేక స్లాబ్ పైసలల్ల నుంచి తీసి ఇచ్చిండు. ఆ కింద ఇంకో రెండు తేదీలు, 5,000, 5,000, అవి తన పెన్షన్ నుంచి తిరిగి జమ చేద్దామని పక్కకు పెట్టిన లెక్క. చెప్తే ఆమె ఇజ్జత్ పోతది, చెప్పకపోతే తనది పోతది, తనది పోనిచ్చిండు.

ఇక్కడ ఆపేసి "చూసిన్రా, ఎంత మంచి మనిషో, మనం తొందరపడొద్దు" అని రాస్తే చదివేటోళ్లకు మంచిగుంటది. కానీ ఆ రోజు నేను అక్కడ ఆపలే, ఆపితే మళ్లీ సమాసాన్ని విడగొట్టినట్టే అయితుండె. చాయ తాగి గ్లాసు కింద పెట్టి అన్న, "కాకా, నువ్వు ఇచ్చింది మంచిదే, నేనైనా అట్లనే ఇద్దునేమో. అయినా అవి నీ పైసలు కావు. కూలి పోయి వచ్చి వందా యాభై ఇచ్చినోళ్లయి. వాళ్లను అడగకుండ ఇచ్చుడు తప్పు. ఒట్టు వేసినా కనీసం అయ్యగారికి, ఇంకొకలకు చెప్పి తీసుకోవాల్సింది". చెప్తుంటే నా గొంతు వణికింది, గ్రూపుల రాసినప్పుడు ఏమాత్రం వణకలే, అప్పుడు ఏలు కూడ వణకలే. చిన్నమ్మ నన్ను ఒక చూపు చూసింది. కాక తల ఊపిండు. "అవును బిడ్డా, అది తప్పే. నాకు తెలుసు" అన్నడు. తర్వాత ముగ్గురం ప్రార్థన చేసుకున్నం, ఆయనే చేసిండు, ఎవరినీ అనలే.

పౌలు ఈ పైసల సంగతి ఎంత పట్టించుకున్నడో నాకు తర్వాత తెలిసింది. 2 కొరింథీ 8వ అధ్యాయంల యెరూషలేముల ఉన్న బీదల కోసం సంఘాల కాడ పోగు చేసిన చందా తీస్కపోయే ముచ్చట ఉన్నది. తను ఒక్కడే తీస్కపోవచ్చు, పౌలును ఎవరు అనుమానిస్తరు? అయినా తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుని వెంట పెట్టుకున్నడు. ఎవరూ మా మీద తప్పు మోపకుండ చూసుకుంటున్నం, ప్రభువు ముందటనే కాదు మనుషుల ముందట కూడ యోగ్యంగ ఉండాలె అని రాసిండు. కృప గురించి అంత రాసినోడు లెక్క దగ్గర ఇంకో మనిషిని పెట్టుకున్నడు. కమిటీల ఈ భాగం చదివినం. చదివి మూడు తీర్మానాలు రాసినం, నా చేతితోటే రాసిన. బ్యాంకుల తీసేటప్పుడు రెండు సంతకాలు ఉండాలె, లెక్కలు ఏడాదికి ఒకసారి కాదు మూడు నెలలకు ఒకసారి చదవాలె, ఆపదల ఉన్నోళ్ల కోసం సహాయ నిధి వేరేగ పెట్టి పేరు బయట పెట్టకుండ ముగ్గురు కలిసి ఇయ్యాలె. ఆ విధవరాలి పేరు కాక ఇంటోళ్లకు, ఆ ముగ్గురికి, నాకు తప్ప ఇప్పటికీ ఎవ్వరికీ తెల్వదు. సంఘంల ఏం చెప్పినమంటే, ఒక కుటుంబానికి ఆపదల ఇచ్చిన్రు, తీర్మానం లేకుండ ఇచ్చుడు తప్పు, కాక ఆ తప్పు ఒప్పుకున్నడు, పైసలు కొన్ని నెలలల్ల తిరిగి వస్తయి. కొందరు "పేరు చెప్పాలె, అంతా సత్యమే ఉండాలె కదా" అన్నరు. ప్రతి నిజం ప్రతి ఒక్కరికి బాకీ లేము అని అయ్యగారు చెప్పిండు, ఆ మాట నాకు మంచిగ అనిపించింది. నేను కూడ లేచి నా తప్పు చెప్పిన, గ్రూపుల పెట్టింది కాబట్టి గ్రూపుల కూడ రాసిన.

ఒకాయన అడిగిండు, పౌలు అంతియొకయల పేతురును అందరి ముందట ఎదిరించలేదా మరి అని. ఎదిరించిండు, గలతీ 2ల ఉన్నది. పేతురు అన్యులతోటి, అంటే యూదులు కానోళ్లతోటి, తింట తింట, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి మనుషులు రాంగనే పక్కకు జరిగిండు, అది బహిరంగంగ జరిగింది, దాన్ని చూసి బర్నబా కూడ జరిగిండు, కొత్త విశ్వాసులు బల్ల దగ్గర ఒంటరైన్రు. అక్కడ అందరి ముందటనే చెప్పాలె. అప్పుడు కూడ పౌలు ముఖాముఖిగనే నిలబడ్డడు, ఈపు వెనక కాదు.

ఇంకో సంగతి గట్టిగ చెప్పాలె, లేకపోతే నేను రాసింది పట్టుకొని ఎవరన్న తప్పుగ వాడుకుంటరని నాకు భయం. పిల్లల మీద చెయ్యి వేసుడు, ఆడోళ్లను బెదిరించుడు, కొట్టుడు ఇసొంటియి జరిగితే మత్తయి 18 చెప్పి "ముందుగాల నువ్వు ఒంటరిగ పోయి మాట్లాడు బిడ్డా" అని బాధ పడ్డదాన్ని మళ్లీ ఆ మనిషి ముందటికే పంపుడు పాపం. అది నేరం, పోలీసులకు చెప్పాలె, పిల్లల సంగతైతే పోక్సో చట్టం ప్రకారం తెలిసినోళ్లు చెప్పకపోతే అది కూడ నేరమే. సంఘం పరువు కోసం దాచుడుకు కృప అని పేరు పెట్టొద్దు. నేను చెప్తున్నది మనం రోజూ కొట్లాడుకునే లెక్కలు, పదవులు, పాటలు, బోధలు వీటి గురించి.

బోధల తేడా అంటే మా ఇంట్లనే ఉన్నది. బాపు వాళ్లది డోర్నకల్ దిక్కు, సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. అమ్మ వాళ్లది హన్మకొండ బాప్తిస్టు సంఘం. నాకు చిన్నప్పుడు చిలకరించి బాప్తిస్మం ఇచ్చిన్రని మా అమ్మమ్మ చనిపోయేదాక ఒప్పుకోలే, "దానికి ముంచుడు కాలే" అనేది, అది ఆమె నమ్మకం, దాచుకోలే. మా తాత కూడ శిశు బాప్తిస్మం సరైనదే అని వాక్యాలు తీసి చూపెట్టేది, ఆయన కూడ దాచుకోలే. ప్రతి క్రిస్మస్‌కు ఇద్దరు ఒకే మంచం మీద కూసొని ఇదే కొట్లాట, కొట్లాట అయినంక అమ్మమ్మ తాతకు అరిసెలు పెట్టేది, పండ్లు లేవని మెత్తగున్నయి ఏరి. ఎవరూ ఓడిపోలే, ఎవరూ మాట మార్చుకోలే.

డోర్నకల్ అంటే యాదికొచ్చింది. రెండేండ్ల కింద సండే స్కూల్ పిల్లలను తీసుకొని వరంగల్ స్టేషన్ల రైలెక్కి మానుకోట దాటి డోర్నకల్ పోయినం, ఎపిఫనీ కెథడ్రల్ చూపెడదామని. 1939ల ప్రతిష్ఠ చేసిన్రు. బయట నుంచి చూస్తే మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు, పైన సిలువ, అన్నీ కలిసి మన నేల మీద మొలిచినట్టు ఉంటది. అది కట్టించింది బిషప్ వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి తమిళుడు, 1909ల డోర్నకల్‌కు మిషనరీగ వచ్చి తెలుగు నేర్చుకున్నడు. 1912 డిసెంబర్ 29న బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల, అంటే ఇంగ్లండు చర్చి శాఖల, మొట్టమొదటి భారతీయ బిషప్. 

ఆయన 1910ల ఎడిన్‌బరోల పెద్ద మిషనరీ మహాసభల మాట్లాడిండు. 1,200 మంది దాక ప్రతినిధులు, దాదాపు అందరు తెల్లోళ్లే, ఈయనకు 36 ఏండ్లు లేవు. విదేశీ మిషనరీలు మన క్రైస్తవులను పక్కకు కూసోపెట్టుకోరు, సమానంగ చూడరు అనే నిజం వాళ్ల ముందటనే పెట్టిండు. ఎట్ల పెట్టిండంటే, మీరు బీదల కోసం మీ ఆస్తి ఇచ్చిన్రు, మీ శరీరాలు కాల్చబడుడుకు అప్పగించిన్రు, మేము ప్రేమ కూడ అడుగుతున్నం, మాకు స్నేహితులను ఇయ్యుండి అన్నడు. 1 కొరింథీ 13 మాటలే. వాళ్లు చేసిన త్యాగం దాయలే, వాళ్ల తప్పు దాయలే. ఆ సభల కొందరికి మంట లేసింది.

నాకు ఆ ప్రసంగం కన్న దాని తర్వాత సంగతి ఎక్కువ పట్టుకున్నది. అంత మాట అని ఆయన పోయి తన సంఘం తాను పెట్టుకోలే. వాళ్లతోటే దాదాపు 35 ఏండ్లు పని చేసిండు. 1919ల తమిళనాడు దిక్కు తరంగంబాడిల వేరే వేరే సంఘాల పాస్టర్లు కొందరు కలిసి మనం ఒక్కటి కావాలె అని రాసుకున్నరు, ఆ పిలుపుల ఈయన ముందున్నడు. ఆంగ్లికన్లకు బిషప్‌లు ఉండాలె, ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద అనే కాంగ్రిగేషనల్ వాళ్లకు బిషప్ అంటేనే అనుమానం, బిషప్ చెయ్యి పెట్టని పాస్టర్లకు మళ్లీ అభిషేకం చెయ్యాల్నా వద్దా అని ఏండ్లకు ఏండ్లు చర్చలు. 28 ఏండ్లు. చివరికి బిషప్‌లు ఉంటరు, పాత పాస్టర్లకు మళ్లీ అభిషేకం అడగరు, ఏ సంఘం మీదా వాళ్ల మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతి గానీ పాస్టర్‌ను గానీ రుద్దొద్దు అని మాట రాసుకొని 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌ల దక్షిణ ఇండియా సంఘం అయిన్రు. అజరయ్య అది చూడలే. 1945 జనవరి 1న డోర్నకల్‌ల కన్నుమూసిండు. అందరూ కలవలే కూడ, నంద్యాల దిక్కు ఆంగ్లికన్ సంఘాలు చేరలే, మా అమ్మమ్మ వాళ్ల బాప్తిస్టులు చేరలే. మేము 45,000 కోసం ఒక నెల ఓపిక పట్టలేకపోయినం, వాళ్లు ఒక్కొక్క మాట కాడ ఏండ్లు కూసున్నరు, కూసున్నన్ని రోజులు మనసుల ఉన్నది చెప్పుకుంటనే కూసున్నరు.

మా సంఘంల అంతా సర్దుకున్నదా అంటే లేదు. కాక ట్రెజరర్ పని వేరేటోళ్లకు ఇచ్చేసిండు, తనే అడిగి ఇచ్చిండు, మళ్లీ ముందు వరుసల కూసుంటున్నడు, పోయిన నెల సంస్కారం తీసుకున్నడు. స్లాబ్ పడ్డది. కానీ రెండు కుటుంబాలు పోయినయి. ఇప్పుడు కాజీపేట దిక్కు వేరే మందిరానికి పోతున్నరు. అండ్ల ఒక అక్క నాతోటి చిన్నప్పటి సంది క్వయర్‌ల పాడింది, నా ఫోటో చూసి నన్ను నమ్మి కాకను నానా మాటలు అన్నది, తర్వాత నేను పోయి కాకతోటి కలిసేసరికి ఆమె ఒక్కతే చెడ్డదైంది. "నువ్వే మొదలువెట్టి నువ్వే మంచిదానివైతివి" అన్నది కూరగాయల మార్కెట్ల ఎదురుపడ్డప్పుడు. ఆ మాటల అబద్ధం లేదు. పౌలు బర్నబా కూడ మార్కు గురించి అంత తీవ్రంగ వాదించుకొని విడిపోయిన్రు, చివరికి పౌలే మార్కును తోల్కరమ్మని తిమోతికి రాసిండు, కానీ ఆ రెండింటి మధ్యల ఎన్ని ఏండ్లు పోయినయో, ఎవరు ముందుగాల ఎవరింటికి పోయిన్రో బైబిల్‌ల రాయలే.

ఆ అక్కకు మెసేజ్ నాలుగు సార్లు టైప్ చేసి తీసేసిన. ఇప్పుడు ఒంటిపూట బడులు, పన్నెండున్నరకు ఇంటికి వస్తున్న. నిన్న ఫోన్ చేసి శనివారం మీ ఇంటికి వస్త అక్కా అన్న. కొంచెం సేపు ఏం అనలే, వెనకాల కుక్కర్ కూత వినబడుతున్నది.

"అన్నం తినకుండ రా" అన్నది.